తీసుకున్నారు సరే, అడిగారా?

2025 జూన్‌లో తల్లికి వందనం పథకం డబ్బు పడింది. బడికి పోయే బిడ్డకు 15,000 అని ఊరూరా చెప్పిన మొత్తం తల్లి ఖాతాలోకి 13,000 అయి దిగింది. తక్కిన 2,000 బడి నిర్వహణకని పట్టుకున్నారు. అంతకుముందు అమ్మఒడి ఇచ్చినవాళ్లూ ఇదే చేశారు. 2021లో మరుగుదొడ్ల పేరు చెప్పి 1,000 పట్టుకున్నారు, 2022లో దాన్ని 2,000 చేశారు. పథకం పేరు మారింది, కుర్చీలో మనిషి మారాడు, కోత మాత్రం మారలేదు. వాళ్లు కోసినప్పుడు వీళ్లు అరిచారు. వీళ్లు కోస్తుంటే వాళ్లు అరుస్తున్నారు. రెండు అరుపులూ బూటకమే. ఇద్దరిలో ఒక్కరు కూడా తల్లిని కూర్చోబెట్టి, "అమ్మా, మీ బడికి రెండు గదులు కావాలి, ఇంత అవుతుంది, ఇస్తావా?" అని అడిగిన పాపాన పోలేదు.

ఆ 2,000 మీద నాకు కోపం లేదు. మా కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో తల్లులకూ లేదు. కోసిగిలోనో కౌతాళంలోనో అడిగి చూడండి. "బడికైతే పట్టుకోనీలేప్పా, యా బడికి పెట్టిరో అదన్నా చెప్పల్ల గదా" అంటారు. రాష్ట్ర బడ్జెట్ మీద అసెంబ్లీలో గంటలకొద్దీ మాట్లాడేవాళ్లలో ఎంతమందికి ఈ ప్రశ్న తట్టింది? డబ్బు ఆమెది. బడి ఆమె ఊరిది. బిడ్డ ఆమె బిడ్డ. నిర్ణయం మాత్రం ఎవరిదో. ఆ కోతను ఎక్కడ ఖర్చు పెట్టారో బడి గోడ మీద నాలుగు అంకెలు రాసి పెట్టడానికి సున్నం ఖర్చు కూడా కాదు. ఎందుకు రాయరు? రాస్తే రెండో ప్రశ్న వస్తుంది కాబట్టి.

తీసుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. 2004లో కేంద్రం ఆదాయపన్ను మీద 2 శాతం విద్యా సెస్సు వేసింది. అది 3 అయింది, 2018 నుంచి ఆరోగ్యాన్ని కూడా కలుపుకుని 4 అయింది. మన ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. ఆదోని యార్డులో పత్తి అమ్ముడైతే నూటికి రూపాయి మార్కెట్ సెస్సు. వీటిలో ఒక్కదానికైనా నిన్ను ఓటు అడిగారా? నీ ముందు లెక్క పెట్టారా? నువ్వు కడుతూనే ఉన్నావు. కట్టే చెయ్యి నీది, కాబట్టి అడిగే నోరు కూడా నీదే కావాలి.

నేను కోరేది ఒక్కటే. బడి కట్టడానికి డబ్బు కావాలంటే బాండు వెయ్యండి. వేసే ముందు మా ఓటు అడగండి. ఏ బడి, ఏ పని, ఎంత ఖర్చు, ఎన్నేళ్లలో తీర్చాలి, ఇంటికి ఎంత పడుతుంది, అన్నీ కాగితం మీద పెట్టి మా ముందుకు రండి. ఔనంటే కట్టండి. కాదంటే నోరు మూసుకుని వెళ్లి, ఇంకా మంచి లెక్కతో మళ్లీ రండి.

"బాండ్లా? మనలాంటి బీద రాష్ట్రానికా?" అని అప్పుడే మొహం చిట్లించావు కదా. ఆగు. మన రాష్ట్రానికి బాండ్లు బాగా తెలుసు. 2018 ఆగస్టులో రాజధాని కోసం అమరావతి బాండ్లు వేసి, 10.32 శాతం వడ్డీకి 2,000 కోట్లు తెచ్చి, ముఖ్యమంత్రి బొంబాయి వెళ్లి స్టాక్ ఎక్స్ఛేంజీలో గంట కొట్టి వచ్చారు. అదే ఏడాది విశాఖ నగరపాలక సంస్థ 80 కోట్ల బాండ్లు వేసింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం తక్కువ తినలేదు. 2022లో బెవరేజెస్ కార్పొరేషన్ పేరు మీద, రేపు మనం తాగబోయే మందు ఆదాయాన్ని చూపించి ఎనిమిది వేల కోట్లకు పైగా తెచ్చింది. మళ్లీ వచ్చిన ప్రభుత్వం 2025లో ఖనిజాభివృద్ధి సంస్థ పేరు మీద దాదాపు తొమ్మిది వేల కోట్లు ఎత్తింది. రాజధానికి బాండు ఉంది. సారాకు బాండు ఉంది. రాళ్లకు బాండు ఉంది. ఇక పార్టీలు తమ ఇళ్లు నింపుకోవడానికి ఎన్నికల బాండ్లనే పెట్టుకున్నాయి. 2018 నుంచి 16 వేల కోట్లకు పైగా, ఎవరిచ్చారో జనానికి తెలియకుండా, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా నడిపించాయి. పార్టీకి రహస్యంగా బాండు వెయ్యడం తెలిసినవాళ్లకు, పిల్లల బడికి బహిరంగంగా బాండు వెయ్యడం తెలియదంటే నమ్మాలా?

తెలియక కాదు. బడికి బాండు వేస్తే ఓటరును అడగాల్సి వస్తుంది. అడిగితే ఓటరు లెక్క చూస్తాడు. అక్కడే వాళ్లకు చెమట పడుతుంది.

ఇదే పని చేస్తున్న తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు. అమెరికాలో ఉన్న నీ మేనల్లుడికి ఫోన్ చేసి అడుగు. డాలస్ పక్కన ఫ్రిస్కో ఉంది, వీధికో తెలుగు కుటుంబం ఉండే ఊరు. అక్కడ బడి కట్టాలన్నా, పాత కప్పు మార్చాలన్నా స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లు బాండు ప్రతిపాదన పెడతారు. జనం ఓటేస్తారు. గెలిస్తే అప్పు తెస్తారు, ఇంటిపన్నులోంచి తీరుస్తారు. 2018లో 69.1 కోట్ల డాలర్ల బాండుకు ఆ ఊరు ఔనంది. 2024 నవంబరులో వంద కోట్ల డాలర్లు దాటిన ప్రతిపాదన తెస్తే అదే ఊరు వద్దంది. అదే నెలలో కాలిఫోర్నియా మొత్తం రాష్ట్రం బడుల కోసం వెయ్యి కోట్ల డాలర్ల బాండుకు ఓటేసి గెలిపించింది. ఆ రాష్ట్రంలో 2000లో తెచ్చిన నిబంధన ప్రకారం స్థానిక బడి బాండు గెలవాలంటే నూటికి 55 ఓట్లు రావాలి, గెలిచాక ఖర్చు చూడటానికి పౌరుల కమిటీ వెయ్యాలి. అక్కడ ఓటరు ఔననగలడు, కాదనగలడు, తర్వాత లెక్క అడగగలడు. నీ మేనల్లుడు అక్కడ బడి కప్పు మీద ఓటేసే పౌరుడు. సంక్రాంతికి ఊరొస్తే ఇక్కడి బడికి రెండు ఫ్యాన్లిచ్చి, రెక్కల మీద పేరు రాయించుకునే దాత. ఇక్కడున్న నువ్వు ఆ రెండూ కావు. నీకు దక్కేది కోత పడ్డ ఖాతా, దాని వెనకాలే వచ్చే మెసేజ్.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. ఆదోనిని రెండో బొంబాయి అని మన పెద్దలు గొప్పగా చెప్పుకున్నారు. పత్తి, బట్టలు, జిన్నింగ్ మిల్లులు, 1865లోనే పుట్టిన పురపాలక సంఘం. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. ఇంత డబ్బు చేతులు మారే చోట, 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర ఆగిపోయింది. అప్పటి రాష్ట్ర సగటు 67. జిల్లాలో కూడా ఆ అంకెను కిందికి లాగినవి మన పడమటి మండలాలే. ఎందుకో నీకు తెలుసు, నాకు తెలుసు. వాన ఎగ్గొట్టిందంటే, తుంగభద్ర ఎల్లెల్సీ కాలువ చివరికి నీళ్లు రాలేదంటే, ఇంటికి తాళం పడుతుంది. గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి, పత్తి తియ్యడానికి సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. చంకలో పిల్లను, చేతికి పిల్లాడిని పట్టుకుని పోతారు. బడి రిజిస్టరులో ఆ పిల్లల పేర్లు ఉంటాయి, బెంచీల మీద పిల్లలు ఉండరు. సీజనల్ హాస్టళ్లు అని ప్రతి ఏడాదీ చెబుతారు. పడుకోవడానికి గది లేని, రాత్రి ఆడపిల్ల వెళ్లడానికి మరుగుదొడ్డి లేని, ప్రహరీ లేని బడిలో హాస్టల్ అని బోర్డు తగిలిస్తే ఏ తల్లి తన కూతురిని వదిలి గుంటూరు బండెక్కుతుంది? నువ్వైతే వదులుతావా?

భవనమంటే ఏముంది, నాలుగు గోడలే కదా, చదువు చెప్పేది పంతులు కదా అనే మేధావులు ఉన్నారు. వాళ్లకు ఆదోని మండలం ఆడపిల్ల ఒకతె జవాబు చెప్పింది. బాల్యవివాహం నుంచి అధికారులు తప్పించి కస్తూర్బా బాలికా విద్యాలయంలో చేర్పిస్తే, 2024లో ఇంటర్ మొదటి సంవత్సరంలో 440 మార్కులకు 421 తెచ్చుకుంది. ఆ పిల్లకు తెలివి ముందునుంచే ఉంది. లేనిది రాత్రిపూట తలుపు వేసుకుని చదువుకునే చోటు. పెళ్లి నుంచి తప్పించి తెచ్చిన పిల్లను పెట్టడానికి ఒక గదీ ఒక మంచమూ దొరికాయి కాబట్టి ఆ కథ మనకు తెలిసింది. గది దొరకని పిల్లల కథ ఎవడికి తెలుసు? పందొమ్మిదేళ్లకే చంకలో ఇద్దరు బిడ్డలతో మిరప చేలో కనపడతారు వాళ్లు.

నాలుగు గోడలని తేలిక చేసేవాళ్లు ఇంకో మాట కూడా వినాలి. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో బడి వంటగది పూరికప్పు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. ఆ ప్రమాదం తర్వాత వేసిన కేసులో 2009లో సుప్రీంకోర్టు, చదువు హక్కు అంటే భద్రమైన బడిలో చదివే హక్కు అని తేల్చి చెప్పింది. 2025 జూలై 25న రాజస్థాన్ ఝలావర్ జిల్లాలో బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చచ్చిపోయారు. తీర్పు వచ్చిన పదహారేళ్లకు. రాష్ట్రం వేరు, పార్టీ వేరు, కప్పు మాత్రం అదే కప్పు. మన మండలంలో వాన పడితే పిల్లలను వరండాలోకి లాక్కొచ్చే బడి ఎన్ని ఉన్నాయో ఆ ఊరి పంతుళ్లను అడుగు. పేరు రాయనంటే చెబుతారు.

నాడు-నేడు సంగతి చెప్పకుండా దాటేస్తే నేనూ దొంగనే. బడులు బాగుచేసే ఆ పథకాన్ని 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలుపెట్టారు. మొదటి విడతలో 15,715 బడులు. నీళ్లొచ్చే మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు, రంగులు, ప్రహరీలు. పని తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా నడిచింది. బాగుపడ్డ బడులు బాగుపడ్డాయి, కళ్లున్నవాడు కాదనలేడు. రెండో విడత 2021 ఆగస్టులో ఆర్భాటంగా మొదలైంది, మధ్యలోనే డబ్బు ఆడలేదు, కట్టేవాళ్లకు బిల్లులు రాలేదు, పనులు ఆగాయి. ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లకు పాతవాళ్ల మొండి గోడల మీద ప్రేమ ఎందుకు ఉంటుంది? ముందు పథకం పేరు మార్చారు. సగం లేచి ఆగిన గది మాత్రం ఏ పార్టీదీ కాక ఇనుప చువ్వలతో తుప్పు పట్టింది.

అప్పటివాళ్లు పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు పులిమితే 2020లో హైకోర్టు తీసెయ్యమంది, సుప్రీంకోర్టు దాకా వెళ్లి కూడా ఓడి వచ్చారు. రంగు కోసం సుప్రీంకోర్టు దాకా పోయినవాళ్లు, ఆగిన గది కోసం జిల్లా కలెక్టరు దాకా కూడా పోలేదు. పథకం పార్టీ సొత్తు కాబట్టే ఈ గతి. పార్టీ ఓడితే పథకం చస్తుంది. ఓటరు వేసిన బాండు అట్లా చావదు. డబ్బు ముందే వచ్చి బడి పేరు మీద ఖాతాలో ఉంటుంది. ఏ పనికని ఓటేశారో ఆ పనికే వాడాలి. రేపు కుర్చీలో ఎవడు కూర్చున్నా, వాడి మొహం మాకు నచ్చినా నచ్చకపోయినా, పని పూర్తి చెయ్యక తప్పదు, అప్పు తీర్చక తప్పదు. మన పిల్లల బడిని ఐదేళ్లకోసారి వచ్చే గాలి నుంచి కాపాడటానికి నాకు కనిపించిన దారి ఇదొక్కటే. ఇంతకంటే మంచి దారి నీ దగ్గర ఉంటే రాయి, నేను నీ వెనక నడుస్తాను.

ఇక నీ అభ్యంతరాలు.

"మా పిల్లలు కాన్వెంటుకు పోతారు, నేనెందుకు కట్టాలి?" అంటావు. నీ మిల్లులో బేళ్లు ఎత్తేవాడి కొడుకు, నీ ఇంట్లో గిన్నెలు తోమే ఆమె కూతురు, నీ బండి నడిపేవాడి పిల్లలు చదివేది ఏ బడిలో? వాళ్ల చేతుల మీద బతుకుతూ వాళ్ల పిల్లల బడికి ఏమీ కాను అనడానికి నీకు నోరెట్లా వస్తుంది? కాన్వెంటువాడు ప్రతి జూన్‌లో బిల్డింగ్ ఫండ్ అని చీటీ ఇస్తే నోరెత్తకుండా కడతావు. వాడు ఓటు అడగడు, లెక్క చెప్పడు, రసీదు కూడా సరిగ్గా ఇవ్వడు. అక్కడ పెగలని గొంతు పురపాలక బడి దగ్గరికి వచ్చేసరికి లేస్తుంది.

"ఇది సర్కారు బాధ్యత, బీదోడి మీద ఎందుకు వేస్తావు?" అని ఎర్రజెండా మిత్రులు అంటారు. బాధ్యతే. కొఠారీ కమిషన్ 1966లో జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టమంది. 2020 జాతీయ విద్యావిధానంలో మళ్లీ అదే 6 శాతం రాసుకున్నారు. యాభై నాలుగేళ్లు! మీరు ధర్నా చెయ్యండి, నేనూ వచ్చి కూర్చుంటాను. ఈలోగా ఆ కప్పు కింద కూర్చున్న పిల్లాడు ధర్నా ముగిసేదాకా ఆగుతాడా? బీదోడి మీద భారమంటారా? ఇంటిపన్ను గుడిసెకు ఒకటి, జిన్నింగ్ మిల్లుకు ఒకటి. బాండు తీర్చేది ఇంటిపన్నులోంచి అయితే ఎక్కువ కట్టేది మిల్లే. ఖాతాలోంచి కోసే 2,000 మాత్రం మిల్లు యజమానికి లేదు, కూలి తల్లికి ఉంది. అప్పుడెందుకు మీకు బీదోడు కనపడలేదు?

"తినేస్తారు" అంటావు. ఇప్పుడు తినడం లేదా? ఓటు లేకుండా వచ్చిన డబ్బును తినడం తేలిక, ఎందుకంటే అది ఎంతో ఎవడికీ తెలియదు. ఫలానా బడికి ఇన్ని లక్షలని ఊరు ఊరంతా ఓటేసిన డబ్బును తినాలంటే గుండె కావాలి.

అంకెలు కావాలా? చూద్దాం. ఆదోని జనాభా 2011లో లక్షా 66 వేల పైన. 10 కోట్ల బాండు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లలో తీర్చాలి అనుకో. ఏడాదికి దాదాపు కోటీ పది లక్షలు కట్టాలి. తలకు ఏడాదికి 66 రూపాయలు. అంతే. గదికి 15 లక్షలు వేసుకున్నా 66 గదులు లేస్తాయి. నీ ఊరి పిల్లలకు 66 గదులు కట్టడానికి నువ్వు ఏడాదికి ఇవ్వాల్సినది ఒక సినిమా టికెట్‌కు కూడా చాలదు. ఎన్నికల ముందు రాత్రి ఓటుకు ఎంత పంచుతారో మనిద్దరికీ తెలుసు. ఆ ఒక్క రాత్రి నోట్లు ఎన్నేళ్ల 66 రూపాయలో నువ్వే లెక్కేసుకో.

"చిన్న మున్సిపాలిటీకి ఎవడు అప్పిస్తాడు?" అంటాడు ఇంకో తెలివిగలవాడు. 2002లో తమిళనాడులో 13 చిన్న పట్టణాల స్థానిక సంస్థలు కలిసికట్టుగా నీళ్లకు, పారిశుధ్యానికి 30 కోట్ల బాండు వేశాయి. ఒక్కో ఊరికి విడిగా దిక్కులేని పరపతి, అందరూ చేరితే దొరికింది. ఆదోని, ఎమ్మిగనూరు, చుట్టూ ఉన్న పంచాయతీలు, అన్నీ ఒక్క బాండులో చేరడానికి అడ్డేంది? చట్టమా? స్థానిక సంస్థల అప్పులకు 1914 నాటి తెల్లదొరల చట్టం ఇంకా ఉంది. అప్పు కావాలంటే సర్కారు అనుమతి ఉంటే చాలు, జనం అనుమతి మాట అందులో లేదు. దొర అట్లా రాసుకోవడంలో వింత లేదు, మనల్ని వాడు పౌరులుగా లెక్కపెట్టలేదు. మనం ఎన్నుకున్నవాళ్లు వందేళ్లు దాటినా దాన్నే పట్టుకు వేలాడటం సిగ్గుచేటు. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్యను పంచాయతీల జాబితాలో రాసింది. గ్రామసభను రాజ్యాంగంలోకి తెచ్చింది. ప్రభుత్వం తలుచుకుంటే అసెంబ్లీలో ఒక్క సవరణ చాలు: బడి బాండుకు గ్రామసభలో, పట్టణంలోనైతే వార్డువారీగా ఓటు తప్పనిసరి. బెవరేజెస్ కార్పొరేషన్ అప్పు కోసం అధికారులు ఎన్ని కొత్త దారులు తవ్వారో చూశాం. బడికి ఒక్క దారి తవ్వలేరా?

మన జనానికి అప్పులూ వాటాలూ అర్థం కావంటావా? ఎమ్మిగనూరులో నిలబడి ఆ మాట అను చూద్దాం. 1938లో మాచాని సోమప్ప అక్కడి నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టాడు. పావలా పావలా లెక్కపెట్టుకునే మగ్గం మనుషులు వాటాలు వేసి దేశమంతా పేరు మోసిన సంఘాన్ని నిలబెట్టారు, ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. ఆ నేతగాళ్ల మనవళ్లకు 66 రూపాయల బాండు అర్థం కాదా? అర్థం కాకూడదని కోరుకునేవాళ్లు చెప్పే మాట అది.

2024 ఆగస్టులో బడుల్లో యాజమాన్య కమిటీలకు ఎన్నికలు పెట్టారు. ఆ డిసెంబరు 7న రాష్ట్రమంతా తల్లిదండ్రులను పిలిచి మెగా మీటింగు పెట్టారు. ముగ్గులు వేయించారు, ఆటలు ఆడించారు, కలిసి భోజనం చేయించారు, ఫొటోలు తీసుకున్నారు. అంతమంది తల్లిదండ్రులు ఒకే రోజు, ఒకే గంటలో, తమ బడి ఆవరణలో కూర్చుని ఉన్నారు. దేశంలో ఇంతకంటే పెద్ద ఓటరు సభ దొరకదు. ఆ రోజు ఒక్క కాగితం పంచి, ఈ బడికి ఈ పని కావాలి, ఇంత అవుతుంది, ఔనా కాదా అని అడిగి ఉంటే? అడగలేదు. తల్లి చేత ముగ్గు వేయిస్తారు కానీ ఓటు వేయించరు.

మళ్లీ పురపాలక ఎన్నికలకు కండువాలు వేసుకుని నీ గడపకు వస్తారు. ఏ రంగు కండువా అయినా సరే, నీళ్లివ్వు, కూర్చోబెట్టు, అడుగు: "మన వార్డు బడికి ఎన్ని గదులు తక్కువ? ఎంతవుతుంది? దాని మీద మా ఓటు ఎప్పుడు అడుగుతావు?" గదుల లెక్క తెలియనివాడిని నువ్వే బడికి నడిపించుకుని పోయి చూపించు. చూశాక కూడా నీళ్లు నమిలితే, వాడి కరపత్రాన్ని వాడి చేతికే తిరిగిచ్చి తలుపు వేసుకో. నీకు ఆ దమ్ము లేదంటావా, అప్పుడు నన్ను తిట్టు, ప్రభుత్వాన్ని తిట్టకు.